విపత్తు బాధితుల కోసం డిజైన్: పీజీ ఎక్కడ చేస్తే మంచిది?

ప్రణతి (మచిలీపట్నం)

అందరికీ నమస్కారం. నేను బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఆఖరి సంవత్సరం. థీసిస్ కోసం దివిసీమలో తుఫాను షెల్టర్లు చూస్తున్నాను. నాగాయలంక, కోడూరు వైపు 1977 ఉప్పెన చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళతో మాట్లాడుతున్నకొద్దీ విల్లాలు, అపార్ట్‌మెంట్లు గీసే పని మీదికి మనసు పోవడం లేదు. విపత్తు తర్వాత ఇళ్ళు, సహాయ శిబిరాలు, పునరావాస కాలనీలు, ఇలాంటి పని కోసమే పీజీ కోర్సులు ఉన్నాయని ఈ మధ్యే తెలిసింది.

నేను చూసి పెట్టుకున్నవి ఇవి. ఆస్ట్రేలియాలో ఆర్‌ఎంఐటీ వాళ్ళ మాస్టర్ ఆఫ్ డిజాస్టర్, డిజైన్ అండ్ డెవలప్‌మెంట్. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ వాళ్ళ డెవలప్‌మెంట్ అండ్ ఎమర్జెన్సీ ప్రాక్టీస్. బార్సిలోనాలో యూఐసీ వాళ్ళ సస్టెయినబుల్ ఎమర్జెన్సీ ఆర్కిటెక్చర్. మన దేశంలో ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్). లేదంటే గేట్ పరీక్ష రాసి ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ).

నాన్న మామూలు ఎంఆర్క్ చేయమంటున్నారు, కనీసం లెక్చరర్ ఉద్యోగమైనా వస్తుందని. విదేశం అంటే లోన్ తప్పదు. అసలు ఈ కోర్సుల్లో ఏం నేర్పుతారు? చదివి వచ్చాక మన దగ్గర పని ఉంటుందా? ఈ రంగంలో ఉన్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

అనిల్ (ఖమ్మం)

నాదీ ఇదే ప్రశ్న. నేను సివిల్ ఇంజినీరింగ్. 2024 సెప్టెంబరులో మున్నేరు వరద మా కాలనీలోకి వచ్చినప్పటి నుంచి ఇదే ఆలోచన. ఈ కోర్సులు ఆర్కిటెక్ట్‌లకేనా, సివిల్ వాళ్ళను కూడా తీసుకుంటారా?

షెల్టర్ రవి

ప్రణతి గారూ, అనిల్ గారూ, నేను ఇదే రంగంలో పనిచేస్తున్నాను. భూకంపం తర్వాత నేపాల్‌లో, ఆ తర్వాత బంగ్లాదేశ్ కాక్స్ బజార్‌లో రోహింగ్యా శిబిరాల్లో షెల్టర్ పని చూశాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసిన కోర్సులన్నీ ఒకే తరహా కావు. ఆర్కిటెక్ట్‌లు, ప్లానర్లు, డిజైనర్లు కలిసి క్షేత్రంలోకి వెళ్ళి చదివేవి కొన్ని. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్, యూఐసీ, ఆర్‌ఎంఐటీ ఆ కోవలోవి. బ్రూక్స్‌లో దీనికోసం ఒక కేంద్రమే ఉంది, 1992లో నబీల్ హమ్దీ మొదలుపెట్టారు. నార్వేలో ఎన్‌టీఎన్‌యూ వాళ్ళ అర్బన్ ఎకలాజికల్ ప్లానింగ్ కూడా దీనికి దగ్గరే. స్వీడన్ లుండ్‌లో ఉన్నది మాత్రం ప్రమాదాన్ని అంచనా వేయడం, విధానాలు, వాతావరణ మార్పు వైపు నడిచే కోర్సు. అందులో గీసే పని తక్కువ. జర్మనీలో వైమార్ బౌహౌస్ యూనివర్సిటీ కోర్సు పూర్తిగా స్ట్రక్చరల్ ఇంజినీరింగ్: భూకంపం, గాలి, వరద వస్తే కట్టడం ఏమవుతుందన్నది. అనిల్ గారూ, మీలాంటి వాళ్ళకు అది బాగా సరిపోతుంది. మన దగ్గరే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధనా కేంద్రం ఉంది, అది కూడా చూడండి.

ఇక ఏం నేర్పుతారు అన్నది. ముందు స్ఫియర్ ప్రమాణాలు, అంటే విపత్తు సహాయంలో పాటించాల్సిన కనీస వసతుల అంతర్జాతీయ ప్రమాణాలు, నేర్పుతారు. శిబిరంలో మనిషికి లోపల కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, అది ఇంటికి 50 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. ఉమ్మడి మరుగుదొడ్లయితే మగవాళ్ళకు ఒకటి ఉన్నచోట ఆడవాళ్ళకు మూడు. ఇవి వారంలో కంఠతా వస్తాయి. అసలు చదువు ఆ తర్వాతే మొదలవుతుంది.

కాక్స్ బజార్ సంగతే తీసుకోండి. 2017లో కొన్ని నెలల్లోనే లక్షల మంది వచ్చి ఏటవాలు మట్టి కొండల మీద దిగారు. వాన పడితే కొండ జారుతుంది. ఇటుక, సిమెంటు లాంటి శాశ్వత సామగ్రి వాడటానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోదు. మిగిలింది వెదురు, టార్పాలిన్. శుద్ధి చేయని వెదురును పురుగు తొలిచేస్తుంది, ఒకటి రెండు వానాకాలాలకే గుంజలు కూలతాయి. తర్వాత తర్వాత బోరాన్ ద్రావణంలో నానబెట్టి శుద్ధి చేసే కేంద్రాలు పెట్టారు. గుంజ అడుగు భాగం తడి మట్టికి తగలకుండా ఎలా నిలబెట్టాలి అన్న ఒక్క చిన్న విషయం మీద ఎంత పని జరిగిందో చెప్పలేను. అక్కడి సామాజిక కేంద్రాలకు 2022లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. చూడటానికి అందంగా ఉంటాయి, నిజమే. కానీ వాటిని కట్టింది అక్కడి రోహింగ్యా పనివాళ్ళు, చాలా చోట్ల ముందుగా గీసుకున్న ప్లాన్ కూడా లేకుండా, స్థలంలో నిలబడి నిర్ణయాలు తీసుకుంటూ. ఆ పని పద్ధతి నేర్పే కోర్సు దొరికితే వదలకండి.

నేల ఎవరిది, ప్రభుత్వం దేనికి ఒప్పుకుంటుంది, డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, ఏ సంస్థ ఏ పని చేస్తోంది, ఈ నాలుగూ తెలియకుండా గీసిన డ్రాయింగ్ పనికిరాదు. ప్రకృతి విపత్తుల్లో షెల్టర్ సమన్వయం రెడ్‌క్రాస్ సమాఖ్య చూస్తూ వచ్చింది, యుద్ధాల వల్ల వచ్చిన శరణార్థుల విషయంలో ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ చూస్తుంది. అందుకే ఏ కోర్సులోనైనా సిలబస్ కంటే ముందు క్షేత్రపని ఎన్ని వారాలు, ఎక్కడ, ఎవరితో అని అడగండి. ఇంకో మాట, ఇలాంటి ప్రత్యేక కోర్సులు ఒక ఏడాది నడిచి ఇంకో ఏడాది ఆగుతుంటాయి. వచ్చే ఏడాది అడ్మిషన్లు ఉన్నాయా లేదా అని డిపార్ట్‌మెంట్‌కే నేరుగా మెయిల్ రాయండి.

విశ్రాంత ఏఈ (అవనిగడ్డ)

అమ్మా ప్రణతీ, నీ థీసిస్ మా ప్రాంతం మీద అని చూసి రాస్తున్నాను. నేను ఊరి కట్టడాల పనులు చూసే ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కడ చదవాలో నాకు తెలియదు. ఏం చూడాలో మాత్రం చెప్పగలను.

1977 నవంబరు 19 రాత్రి తర్వాత ఈ తీరమంతా తుఫాను షెల్టర్లు కట్టారు. స్తంభాల మీద ఎత్తున, గాలి పక్కలకు జారిపోయేలా కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా. డిజైన్‌లో పెద్ద తప్పు లేదు. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి వాటిలో చాలావాటికి పెచ్చులూడి ఇనుము బయటికి వచ్చింది. ఉప్పు గాలి. సముద్రపు తుంపర తగిలేచోట కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము మీద 50 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు మందం, ఉండాలి. అది కాగితం మీద ఉంటుంది. తట్ట మోసే చోట, సెంట్రింగ్ దగ్గర, కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టారా లేదా అన్నది చూసే మనిషి కావాలి.

దానికంటే పెద్దది మరమ్మతు. ఎన్నో ఏళ్ళకొకసారి వాడే కట్టడానికి ఏటా సున్నం వేయడానికి ఎవరూ డబ్బు కేటాయించరు. బడిగానో అంగన్‌వాడీగానో నడిచిన షెల్టర్లు నిలబడ్డాయి, తాళం వేసి ఉంచినవి పాడయ్యాయి. 2011లో మొదలైన జాతీయ తుఫాను ప్రాజెక్టులో బహుళార్థ షెల్టర్లు అన్నది ఈ అనుభవంతోనే. నువ్వు వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఒక ప్రశ్న అడుగు: తాళం ఎవరి దగ్గర ఉంది, అర్ధరాత్రి అయితే వాళ్ళిల్లు ఎక్కడ?

ఇంకొకటి. చాలామంది గొడ్డును వదిలి రారు. పాడి గేదె పోతే ఆ కుటుంబం బతుకు పోయినట్టే. బంగ్లాదేశ్‌లో షెల్టర్ పక్కనే పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు కడతారు, కిల్లా అంటారు. మన తీరంలో ఆ ఆలోచన మీద ఎవరైనా గట్టిగా పని చేస్తే బాగుండునని నా కోరిక. నీ థీసిస్‌లో షెల్టర్ ప్లాన్ ఒక్కటే గీయకు, గొడ్లు ఎక్కడ నిలబడతాయో కూడా గీయి.

డిజైన్ కార్తీక్ (సంగారెడ్డి)

ఏఈ సర్ రాసింది సేవ్ చేసి పెట్టుకున్నాను.

ఇంకో దారి కూడా ఉందని చెప్పడానికి వచ్చాను. సీడ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎండెస్ (డిజైన్‌లో పీజీ) చేయవచ్చు. నేను ఐఐటీ హైదరాబాద్‌లో చేస్తున్నాను. ఆర్కిటెక్ట్‌లు, ఇంజినీర్లు ఇద్దరూ రావచ్చు. విపత్తు డిజైన్ అని ప్రత్యేక కోర్సు కాదు గానీ ప్రాజెక్టు మీరే ఎంచుకోవచ్చు. నీళ్ళు శుద్ధి చేసే పరికరం, స్ట్రెచర్, విడదీసి మోసుకెళ్ళే మరుగుదొడ్డి, హెచ్చరిక వ్యవస్థ, ఏదైనా.

జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ 1995లో కోబే భూకంపం తర్వాత కాగితపు గొట్టాలతో ఇళ్ళు కట్టారు, పునాదికి బీరు క్రేట్లలో ఇసుక నింపారు. 2001లో భుజ్‌లో అదే ఇల్లు కట్టినప్పుడు క్రేట్లు లేవు కాబట్టి కూలిన ఇళ్ళ రాళ్ళనే పునాదికి వాడారు, పైకప్పుకు వెదురు. ఐకియా ఫౌండేషన్, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ కలిసి చేయించిన బెటర్ షెల్టర్ పెట్టెల్లో సర్దుకుని వస్తుంది, విప్పి బిగిస్తే 17.5 చదరపు మీటర్ల గది. గుడారం కంటే ఎన్నో రెట్లు మేలు, తలుపుకు తాళం కూడా వేసుకోవచ్చు. ఒక్క మంచి వస్తువు లక్షల మందికి చేరుతుంది. నా దృష్టిలో డిజైనర్ చేయగలిగిన పెద్ద సేవ అదే.

లావణ్య (చెన్నై)

కార్తీక్, మీ ఉత్సాహం నాకు నచ్చింది, కానీ ఈ మాటతో నేను ఏకీభవించను. మీరు చెప్పిన బెటర్ షెల్టర్‌నే 2015లో జూరిచ్ నగరం నిప్పు పరీక్షల తర్వాత వాడకూడదని నిర్ణయించింది. తర్వాత దాన్ని మెరుగుపరిచారు, మంచిదే. అయితే సమస్య ఆ వస్తువులో లేదు. ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ఇల్లు ఏ ఊరికి వెళ్తుందో దానికి తెలియదు.

2004 సునామీ తర్వాత నేను నాగపట్నం వైపు ఒక స్వచ్ఛంద సంస్థతో పనిచేశాను. తాత్కాలిక ఇళ్ళకు తారు పూసిన ముడతల రేకులు వాడారు. మధ్యాహ్నం లోపల కూర్చోలేరు. పసిపిల్లల తల్లులు పొద్దంతా ఎక్కడ నీడ ఉంటే అక్కడికి వెళ్ళి కూర్చునేవాళ్ళు. వరుసలు దగ్గర దగ్గరగా ఉండి నిప్పంటే భయం. రాత్రి ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్ళాలంటే వెలుతురు లేదు.

తర్వాత వచ్చిన శాశ్వత ఇళ్ళ కథ ఇంకా బాధ. ఎత్తయిన పోటు రేఖకు 200 మీటర్లు దాటి వెళ్తేనే కొత్త ఇల్లు అన్నారు. సంస్థలు కాంట్రాక్టర్లతో చదును కాంక్రీటు కప్పు ఇళ్ళు బారులు తీర్చి కట్టించాయి. స్థలం చదును చేయడానికి కొబ్బరి, వేప చెట్లు కొట్టేశారు. దెబ్బతినని పాత ఇళ్ళను కూడా కొన్ని ఊళ్ళలో కూల్చారు. మత్స్యకారుల ఇంటికి ముందు తిన్నె ఉంటుంది, అక్కడే వల బాగుచేసుకుంటారు, ముసలివాళ్ళు పడుకుంటారు, ఇరుగుపొరుగు కూర్చుంటారు. కొత్త ప్లాన్‌లో అది లేదు. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, డబ్బూ సరిపడా ఉంది. అడిగినవాళ్ళు లేరు.

అందుకే ప్రణతీ, వస్తువు దగ్గర ఆగిపోయే కోర్సు కాకుండా మనుషులతో కూర్చోవడం నేర్పే కోర్సు తీసుకో అని నా సలహా.

డిజైన్ కార్తీక్

అక్కా, తారు రేకుల ఇళ్ళ గురించి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. కానీ వస్తువును తక్కువ చేయకండి. 1970లలో యూనిసెఫ్ సహకారంతో మన దేశంలో తయారైన ఇండియా మార్క్ 2 చేతిపంపు చూడండి. ఊరి మెకానిక్ బాగుచేసుకునేలా చేశారు కాబట్టే మన పల్లెల నుంచి ఆఫ్రికా దాకా వెళ్ళింది. 1960ల చివర్లో మొదలైన జైపూర్ పాదం కూడా అంతే: కింద కూర్చోవడానికి, పొలంలో చెప్పులు లేకుండా నడవడానికి వీలుండాలి అన్నది ఇక్కడి మనుషుల అవసరం. ఈ రెండూ వస్తువులే, రెండూ మనుషులను చూసి చేసినవే.

లావణ్య

ఇది ఒప్పుకుంటాను. చేతిపంపు మంచి ఉదాహరణ.

సత్తిబాబు (ఉప్పాడ)

లావణ్య మేడమ్ రాసిన తిన్నె మాట చదివి రాస్తున్నాను. నేను ఆర్కిటెక్ట్‌ని కాదు, మాది వేట చేసే కుటుంబం. ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం.

మా ఊరిని సముద్రం ఏటా కొంచెం కొంచెంగా తినేస్తోంది. వీధులకు వీధులు పోయాయి. ఒడ్డు కాపాడటానికి జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచి) వేశారు, అదీ దెబ్బతింది. ప్రతి తుఫానుకీ టీవీ వాళ్ళు వస్తారు, ఉప్పాడ రోడ్డు మీద అలలు చూపిస్తారు, వెళ్ళిపోతారు. మాది ఒక్కరోజు విపత్తు కాదండి. నెమ్మదిగా, రోజూ జరిగేది. దీనికి సహాయ శిబిరం పెట్టరు, పరిహారం లెక్కలోకి రాదు. ఈ కోర్సుల్లో దీని గురించి చెబుతారా?

దూరంగా స్థలం ఇస్తాం వెళ్ళండి అంటారు. పడవ ఒడ్డున ఉంటే రాత్రి ఎవరు కాపలా కాస్తారు? ఇంజిన్, వలలు రోజూ ఎవరు మోస్తారు? మా అమ్మ తెల్లారకముందే తట్ట పట్టుకుని ఒడ్డుకు వెళ్ళేది. కిలోమీటర్ల దూరంలో ఇల్లుంటే ఆటోకి పెట్టే డబ్బే లాభం అంతా తినేస్తుంది. మమ్మల్ని మొండివాళ్ళు అంటారు, ఊరు వదలరు అంటారు. లెక్క వేసి చూడండి, మేం చెప్పేది అర్థమవుతుంది.

ఉత్తరాంధ్రలో మా చుట్టాలకు చుట్టిళ్ళు ఉండేవి. గుండ్రటి మట్టి గోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. గాలి దాని మీదుగా జారిపోయేది. ఉప్పెన నీటికి నిలవదు, అది నిజం. కానీ గాలిని ఎలా తప్పించుకోవాలో మా తాతలకు తెలుసు. చదువుకునే పిల్లలు అది కూడా రాసుకోవాలి.

షెల్టర్ రవి

సత్తిబాబు గారూ, ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైన పోస్ట్ మీది. సముద్రపు కోత లాంటి నెమ్మది విపత్తుల గురించి ఈ మధ్య కోర్సుల్లో చెబుతున్నారు, కానీ చాలినంత లేదు. నిధులన్నీ ఒక్కసారిగా వచ్చిపడే విపత్తుల చుట్టూనే తిరుగుతాయి.

లావణ్య గారు చెప్పిన దానికి ఇంకో పక్క కూడా రాయాలి. 2001 జనవరి 26 భూకంపం తర్వాత కచ్‌లో చాలా కుటుంబాలు డబ్బు, సాంకేతిక సాయం తీసుకుని తమ ఇల్లు తామే కట్టుకున్నాయి. ఆ అనుభవం నుంచి పుట్టిన భుజ్ హున్నర్‌శాల సంస్థ ఇప్పటికీ స్థానిక మేస్త్రీలతో మట్టి, రాయి, వెదురు పని చేస్తోంది. సొంతంగా కట్టుకున్నవాళ్ళే కాంట్రాక్టరు ఇళ్ళు తీసుకున్నవాళ్ళ కంటే సంతృప్తిగా ఉన్నారని తర్వాత చేసిన అధ్యయనాల్లో తేలింది.

నేపాల్ కూడా అదే దారిలో వెళ్ళింది. ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు, మూడు విడతల్లో: మొదట 50 వేలు, పునాది సరిగ్గా ఉందని ఇంజినీరు చెప్పాక లక్షన్నర, తర్వాత లక్ష. మంచి పద్ధతే. కానీ భూమి కాగితాలు లేనివాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, భర్త గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ళు వెనకబడ్డారు. గడువు లోపల విడత రావాలని చాలామంది ఒక్క గది కట్టి ఊరుకున్నారు. పాత ఇంట్లో ధాన్యానికి, పశువులకు, వంటకు వేర్వేరు అంతస్తులు ఉండేవి, ఈ ఒక్క గదిలో అవేవీ పట్టవు. ఆ గదిని తర్వాత పెంచుకునేలా ముందే ఎలా గీయాలి? మెట్టు ఎక్కడ రావాలి, రెండో గది బ్యాండ్ (భూకంపానికి గోడలు విడిపోకుండా చుట్టూ వేసే పట్టీ) దేనికి కలవాలి? నాకు డిజైన్ అంటే ఇదే. పాకిస్తాన్‌లో ఆర్కిటెక్ట్ యాస్మిన్ లారీ వెదురు, మట్టి, సున్నంతో చేస్తున్న పని చూడండి. ఊరి ఆడవాళ్ళకు నేర్పి, వాళ్ళ చేత ఇంకొకరికి నేర్పిస్తారు. 2023లో బ్రిటన్ ఆర్కిటెక్ట్‌ల సంస్థ రాయల్ గోల్డ్ మెడల్ ఆమెకే ఇచ్చింది. బంగ్లాదేశ్‌లో ఆర్కిటెక్ట్ మెరీనా తబస్సుమ్ చేసిన ‘ఖుదీ బాడీ’ ఇంకో ఉదాహరణ. నది కోసే ఇసుక దిబ్బల మీద ఉండేవాళ్ళ కోసం, విప్పి మోసుకెళ్ళగలిగే చిన్న వెదురు ఇల్లు. సత్తిబాబు గారు చెప్పిన సమస్యకు చాలా దగ్గర.

అడ్మిన్

కన్సల్టెన్సీల ప్రకటనలు తీసేశాను. దయచేసి ఈ చర్చలో ఏజెంట్ నంబర్లు పెట్టవద్దు.

స్వాతి (విజయవాడ, సింగ్‌నగర్)

అందరూ ఇళ్ళ గురించే రాస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా ఇళ్ళు కూలలేదు, మునిగాయి. జనం పై అంతస్తుల్లో చిక్కుకున్నారు. మెయిన్ రోడ్డుకు పడవలు వచ్చాయి, లోపలి సందుల్లోకి రాలేదు. డ్రోన్లతో ఆహారం పంపారు, అది చాలామందికి అందింది కూడా. కానీ ఏ ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నారు, ఎక్కడ బాలింత ఉంది, ఎక్కడ మంచం దిగలేని పెద్దాయన ఉన్నారు అన్న సమాచారం ఒక్కచోట లేదు. మేము కుర్రాళ్ళతో కలిసి వాట్సాప్‌లో జాబితా రాస్తూ పోయాం. ఒకే ఇంటికి రెండుసార్లు పాల ప్యాకెట్లు వెళ్ళేవి, పక్కింటికి అసలు వెళ్ళేవి కావు.

నీళ్ళు తీశాక బురద. ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ రోడ్డు మీద. నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. హెచ్చరిక మెసేజ్ ఎలా రాయాలి, వార్డు మ్యాప్ ఎలా ఉండాలి, సహాయం అడిగే ఫారం ఫోన్‌లో చార్జింగ్ 5 శాతం ఉన్న మనిషి కూడా నింపేలా ఎలా చేయాలి అన్నవి నాకు డిజైన్ సమస్యలుగానే కనిపించాయి. ఇవి ఏ కోర్సులోకి వస్తాయి?

డిజైన్ కార్తీక్

స్వాతి గారూ, ఇవి కచ్చితంగా ఎండెస్‌లోకి వస్తాయి. మీ వాట్సాప్ జాబితాలు ఇంకా ఉంటే చెరిపేయకండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఏ గంటకు ఏ సమాచారం కావాల్సి వచ్చిందో రాసి పెట్టండి. మంచి ప్రాజెక్టుకు అదే మొదలు.

మాధవి (హైదరాబాద్)

నేను టిస్‌లో చదివాను, అందుకని ఆ సంగతి చెబుతాను. జంషెట్‌జీ టాటా స్కూల్ ఆఫ్ డిజాస్టర్ స్టడీస్‌లో విపత్తు నిర్వహణలో మాస్టర్స్ ఉంది. సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ డ్రాయింగ్ బోర్డు ఉండదు. కులం, భూమి, ఆడవాళ్ళ పని, ప్రభుత్వ వ్యవస్థ, వీటి వల్ల ఒకే వరద ఒకరిని ఎందుకు ముంచుతుంది, ఇంకొకరిని ఎందుకు ముంచదు అన్నది చదువుతారు. మా బ్యాచ్‌లో ఆర్కిటెక్ట్‌లు, ఇంజినీర్లు, నర్సులు అందరూ ఉండేవాళ్ళు. ఫీల్డ్ వర్క్ గట్టిగా ఉంటుంది. ఆర్కిటెక్ట్‌లకు మొదట్లో చాలా కష్టంగా అనిపిస్తుంది, చదవాల్సింది ఎక్కువ.

ఐఐటీ రూర్కీలో విపత్తు నివారణ, నిర్వహణ మీద ఎంటెక్ ఉంది, అనిల్ గారు చూడాలి. ప్రణతి, నీకు గేట్ ఆర్కిటెక్చర్ పేపర్‌తో విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) దగ్గరే ఉంది. పేరులో విపత్తు అని లేకపోయినా థీసిస్ అంతా దాని మీద చేయవచ్చు. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం 2025లో మొదలైంది. వాళ్ళ చిన్న శిక్షణలకు వెళ్తే జిల్లా అధికారులతో పరిచయాలు ఏర్పడతాయి, ఈ రంగంలో అది చాలా ముఖ్యం.

నా అభిప్రాయం అడిగితే ముందు ఇక్కడ రెండేళ్ళు పని చెయ్యి. ఢిల్లీ సీడ్స్ లాంటి సంస్థల్లో ఆర్కిటెక్ట్‌లు కావాలి, దాన్ని 1994లో మొదలుపెట్టింది కూడా ఢిల్లీ ఎస్‌పీఏ విద్యార్థులే. విపత్తు సహాయ పనికి పుణెలో రెడ్‌ఆర్ ఇండియా సంస్థ ఇచ్చే శిక్షణలూ మంచివి.

సుజాత (లీడ్స్, యూకే)

మాధవి గారు చెప్పిన రెండేళ్ళ అనుభవం డబ్బు పరంగా కూడా ఉపయోగమే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ళ పని అనుభవం తప్పనిసరి. చదువు అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, ప్రణతికి అది ఇబ్బంది కాదనుకుంటా. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కూడా చూడండి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు వస్తుంది, అనిల్ గారు అర్హులైతే వదలొద్దు. ఎస్సీ విద్యార్థులకు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ పిల్లలకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. నార్వేలో 2023 నుంచి మనలాంటి దేశాల విద్యార్థులకు ఫీజు పెట్టారు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. 2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేశాక అంతర్జాతీయ సంస్థల్లో ఉద్యోగాలు బాగా తగ్గాయి. ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే ఖాళీగా ఉన్నారు. ఇలాంటి సమయంలో 40 లక్షలు లోన్ తీసుకుని, వెంటనే ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగం వస్తుందన్న ఆశతో రావద్దు. స్కాలర్‌షిప్ వస్తే రండి, రాకపోతే ఇండియాలో చదవండి. మీ నాన్నగారి టెన్షన్‌లో న్యాయం ఉంది.

ప్రణతి (మచిలీపట్నం)

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నాన్నతో కలిసి మొత్తం చదివాను. సుజాత గారి పోస్ట్ ఆయనకు బాగా నచ్చింది, మాధవి గారిది నాకు.

ఇప్పటికి అనుకున్నది ఇది. థీసిస్ పూర్తి చేసి రెండేళ్ళు ఏదైనా సంస్థలో పని చేస్తాను, గేట్ కూడా రాస్తాను. ఆ తర్వాత చెవెనింగ్‌కు ప్రయత్నించి ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్, లేకపోతే ఇక్కడే ఎంప్లాన్. థీసిస్‌లో షెల్టర్‌తో పాటు పశువుల దిబ్బ, తాళం, మరమ్మతు ఖర్చు మూడూ చేరుస్తున్నాను. రవి గారూ, పోర్ట్‌ఫోలియోలో వాళ్ళు ఏం చూస్తారు?

షెల్టర్ రవి

రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన అందమైన బొమ్మలు) తగ్గించండి. ఒక నిజమైన ఇంటి కొలతలు తీసి గీసిన డ్రాయింగ్ పెట్టండి, అందులో మంచం, పొయ్యి, వలలు, గొడ్లు ఎక్కడున్నాయో చూపించండి. తుఫాను తర్వాత ఆ ఇంటివాళ్ళు ఏది ముందు బాగుచేసుకున్నారు, దేనికి ఎంత పెట్టారు అన్నది వాళ్ళ మాటల్లోనే రాయండి. మీ మొదటి డిజైన్, ఊరివాళ్ళు చూసి మార్చమన్నాక వచ్చిన డిజైన్, రెండూ పక్కపక్కన పెట్టండి. ఎంపిక చేసేవాళ్ళు ఆగి చూసేది ఆ పేజీ దగ్గరే. షెల్టర్ పని చేసే సంస్థల ఉమ్మడి వేదిక గ్లోబల్ షెల్టర్ క్లస్టర్ సైట్‌లో దేశదేశాల షెల్టర్ ప్రాజెక్టుల అనుభవాలు ఉచితంగా ఉన్నాయి, ఎక్కడ దెబ్బతిన్నారో కూడా దాచకుండా రాశారు. అవి చదివి వెళ్ళండి.

విశ్రాంత ఏఈ (అవనిగడ్డ)

షెల్టర్ల కొలతలు తీయాలంటే కాలేజీ నుంచి ఒక లెటర్ తెచ్చుకో అమ్మా, మండల ఆఫీసులో ఇచ్చి వెళ్తే ఎవరూ ఆపరు. కవర్ మీటర్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటే పట్టుకురా. ఇనుము మీద ఎంత మందం కాంక్రీటు ఉందో గోడ పగలగొట్టకుండా తెలుస్తుంది. ఈ వైపు వచ్చినప్పుడు చెబితే నేనూ వస్తాను.

సత్తిబాబు (ఉప్పాడ)

ఒక్క దివిసీమే కాదు, మా ఊరూ రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు మగవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ మాట్లాడతారు. ఆడవాళ్ళతో మాట్లాడాలంటే మాత్రం సాయంత్రం రావాలి, పొద్దున వాళ్ళకు ఖాళీ ఉండదు. మా అక్కావాళ్ళింట్లో ఉండొచ్చు.

ప్రణతి (మచిలీపట్నం)

తప్పకుండా వస్తానండి సత్తిబాబు గారూ. మే మొదటి వారంలో థీసిస్ జ్యూరీ అయిపోతుంది, రెండో వారంలో వస్తాను. ఏఈ గారూ, కవర్ మీటర్ ఉందో లేదో రేపు ల్యాబ్‌లో అడిగి మీకు మెసేజ్ పెడతాను.